భార్య పోయిన మాస్టారి కథ: సెకండాఫ్ ఎందుకు సాగుతోంది?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. వరంగల్ దగ్గర ఉంటాను. రెండేళ్లుగా ఒక సినిమా కథ మీద కూర్చున్నాను. హీరో 38 ఏళ్ల గవర్నమెంటు స్కూల్ టీచర్. లారీ ప్రమాదంలో భార్య చనిపోతుంది. ఏడేళ్ల కూతురు ఉంది. ఇంటర్వెల్ దగ్గర కాకినాడ నుంచి వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్ పరిచయమవుతుంది. ఆమెకు 26 ఏళ్లు, పెళ్లి కాలేదు, ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది. ఆమె వల్ల హీరో మళ్ళీ మామూలు మనిషవుతాడు. పెళ్లితో కథ ముగుస్తుంది. డైలాగ్ వెర్షన్ 148 పేజీలు వచ్చింది. చదివినవాళ్లంతా ఫస్టాఫ్‌లో ఏడ్చామంటున్నారు, సెకండాఫ్ ల్యాగ్ అంటున్నారు. ఒక నిర్మాత 'పెళ్లాం పోయిన వెంటనే ఇంకో అమ్మాయేంటి' అన్నారు. ఇంకొకాయన 'హీరోయిన్ ఇంత లేటా' అన్నారు. ఎవరి మాట వినాలి? సీన్ ఆర్డర్ జత చేశాను.

సమాధానం: ఇద్దరి మాటా వినండి. ఇద్దరూ ఒకే తప్పును రెండు వైపుల నుంచి చూశారు. మీ ఆర్డర్‌లో 15వ సీన్ దహనం. 31వ సీన్ మొదట్లో 'ఏడాది తర్వాత' అని అక్షరాలు పడతాయి. ఆ ఏడాది ఎలా గడిచిందో ఎక్కడా లేదు. మధ్యలో ఉన్నవి ఏడుపు సీన్లు, ఫ్లాష్‌బ్యాక్‌లు. అందుకే హీరోయిన్ రాగానే ఒకాయనకు నిన్ననే చితి కాలినట్టుంది. ఇంకొకాయనకు గంటసేపు కథ కదలనట్టుంది.

దీని వెనక ఇంకో తప్పుంది, అది పెద్దది. మీ హీరోయిన్ పనల్లా హీరో దుఃఖాన్ని తుడిచేయడమే. తుడవడం అయిపోగానే ఆమెకు కథలో పని లేదు, మీకు మాత్రం ఇంకా నలభై పేజీలున్నాయి. ల్యాగ్ అంటున్నది ఆ నలభై పేజీలనే. భార్య పోయిన బాధ రెండో పెళ్లితో తగ్గదు. రెండూ ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో పక్కపక్కనే ఉంటాయి. సెకండాఫ్ కథ అదే. అది రాస్తే ల్యాగ్ ఉండదు, ఎందుకంటే అప్పుడు ప్రతి సీన్‌లోనూ ఇద్దరు ఆడవాళ్లు ఉంటారు, ఒకరు కనిపించకపోయినా సరే.

ముందు కొలతలు. పేజీకి నిమిషం లెక్కన 148 పేజీలంటే రెండున్నర గంటలు. ఈ కథకు 125 పేజీలు దాటొద్దు. భార్యకు మొదటి 14 నిమిషాలు ఇవ్వండి. 27వ నిమిషానికల్లా హీరోయిన్ కనపడాలి, ప్రేమగా కాదు, ఊళ్లో ఒక మనిషిగా. ఇంటర్వెల్ 62, 65 నిమిషాల మధ్య పడాలి. ఇంటర్వెల్‌లో ఏం జరగాలో తర్వాత చెప్తాం.

ఆ 14 నిమిషాల్లో మీరు భార్యను దేవతను చేశారు. ముగ్గు, తులసికోట, పాట, నవ్వు. అలాంటి మనిషి పోతే ప్రేక్షకుడు ఏడుస్తాడు కానీ ఆమెను వెతుక్కోడు. ఆమెకు ఒక మొండితనం పెట్టండి, మొగుడితో తేలని గొడవ ఒకటి పెట్టండి. తర్వాత తిరిగొచ్చే అలవాట్లు మూడే పెట్టండి, అంతకంటే ఎక్కువైతే ఎవరికీ గుర్తుండవు. మచ్చుకి పాలు. ఆ ఇంట్లో రోజూ లీటరు పోయించుకుంటారు. నెలకెన్ని వచ్చాయో ఆమె గోడ క్యాలెండర్ మీద గీతలు పెడుతుంది. ఆమె పోయాక కూడా పాలాయన లీటరే పోస్తాడు. వద్దని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి, అది ఈయనకు నోరు రాదు. పాలు మిగులుతాయి, తోడు పెడతాడు, ఫ్రిజ్ నిండా పెరుగు గిన్నెలు. వారం తర్వాత పాలాయనే ఏమీ అనకుండా అర లీటరు పోసి వెళ్తాడు. ఈ సీన్‌కు ఒకటింబావు పేజీ చాలు, డైలాగ్ అక్కర్లేదు. సినిమా చివర్లో ఎప్పుడో ఒక పొద్దున హీరో తనంతట తాను 'లీటరు పొయ్యన్నా' అంటాడు. మీ పెళ్లి పాట చెప్పలేనిది ఈ మాట చెప్తుంది.

హాస్పిటల్ సీన్ తొమ్మిది పేజీలుంది. డాక్టర్ బయటికొచ్చి 'సారీ' అనడం, హీరో మోకాళ్ల మీద పడటం, అన్నీ తీసేయండి. రోడ్డు ప్రమాదంలో చనిపోతే కేసు, పంచనామా, పోస్టుమార్టం ఉంటాయి. ఇంటివాళ్లకు ఆ రోజంతా మార్చురీ బయట చెట్టు కింద ఎదురుచూపే. సాయంత్రం ఒకాయన వచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని పాలిథిన్ కవర్ చేతికిస్తాడు. అందులో పుస్తెలతాడు, మెట్టెలు, పగిలిన అద్దంతో ఫోను. ఫోన్లో ఇంకా ఛార్జింగ్ ఉంటుంది. అక్కడ కట్ చేయండి.

ఆ ఫోనే మీ మొదటి గంటకు ఆధారం. మీరు హీరో భార్య వాయిస్ మెయిల్ వింటున్నట్టు రాశారు. అది పరాయి సినిమాల నుంచి వచ్చింది, మన ఊళ్లలో వాయిస్ మెయిల్ ఎవరు పెడతారు? మనకున్నది వాట్సాప్ వాయిస్ మెసేజ్. అందులో ప్రేమ మాటలు వద్దు. 'గ్యాస్ బుక్ చెయ్యమని మూడుసార్లు జెప్పిన, ఇన్నవా లేదా?' అని పదకొండు సెకన్ల కసురు ఉండాలి. తేలని గొడవ అదే. అతను దాన్నే రోజూ వింటాడు.

ఇక్కడొక సాంకేతిక విషయం మీకు అక్కరకొస్తుంది. వాడకంలో లేని వాట్సాప్ ఖాతా మామూలుగా 120 రోజుల తర్వాత తొలగిపోతుంది. ఆమె ఫోటో పోయి బూడిదరంగు బొమ్మ వస్తుంది. స్కూల్ పేరెంట్స్ గ్రూప్‌లో ఆమె బయటికెళ్లినట్టు ఒక లైను పడుతుంది. పాత చాట్ మాత్రం అతని ఫోన్లో ఉంటుంది. అంటే చనిపోయిన నాలుగు నెలలకు, ఏ హెచ్చరికా లేకుండా, ఆమె రెండోసారి వెళ్లిపోతుంది. వాడకుండా వదిలేసిన సిమ్ కూడా కొన్నాళ్లకు ఆగిపోతుంది, ఆ నంబరు ఇంకెవరికో పోతుంది. 'ఏడాది తర్వాత' అనే టైటిల్ కంటే ఈ రెండూ కాలాన్ని బాగా చూపిస్తాయి.

కాగితాలను కూడా వదలొద్దు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, సర్టిఫికెట్ తేవాలి, బ్యాంకులో, రేషన్ కార్డులో పేరు తీయించాలి. గ్యాస్ కనెక్షన్ ఆమె పేరు మీదుంటే అదీ మార్చాలి. కసురు గ్యాస్ గురించే కాబట్టి ఏజెన్సీ కౌంటర్ సీన్ ఒక్కటి ఉంచుకుని మిగతావి మాటల్లో దాటేయండి. కౌంటర్ మీది అబ్బాయి చెడ్డవాడు కానక్కర్లేదు. 'మేడం వచ్చి సంతకం పెడితే అయిపోతది సార్' అని మంచిగానే అంటాడు.

పరామర్శకు వచ్చేవాళ్ల డైలాగులు అన్నీ మార్చాలి. చావింట్లో ఎవరూ కవిత్వం మాట్లాడరు. 'తిన్నవా', 'పిల్లకు పాలు తాగిచ్చిన్రా', 'బాడీ ఎన్నిటికి తెచ్చిన్రు' అంటారు. దినాలు అయిపోయాక మూడో నెల నుంచి ఇంకో మాట మొదలవుతుంది, 'ఆడిపిల్లతోని ఎన్నాళ్లిట్ల ఉంటవ్?' అని. ఇది రాగానే మన ప్రేక్షకులందరికీ ఒక ప్రశ్న వస్తుంది, మీ స్క్రిప్ట్ దాన్ని తాకనే లేదు. భార్యకు పెళ్లికాని చెల్లెలుందా? ఉంటే రెండు వైపుల పెద్దలూ ముందు ఆ సంబంధమే ఆలోచిస్తారు, పిల్లకు సవతితల్లి పోరు ఉండదని. ఆ చెల్లెలి ముఖం మీద ఒక సీన్ రాయండి, అవునో కాదో ఆ అమ్మాయి నోటితోనే చెప్పించండి. లేదా చెల్లెలు లేదని మొదటి పది నిమిషాల్లోనే తేల్చేయండి. వదిలేస్తే హాల్లో సగం మంది సెకండాఫ్ అంతా దాని గురించే ఆలోచిస్తారు.

పిల్ల సంగతి. 'నాన్నా, నువ్వు సంతోషంగా ఉండాలి, మళ్ళీ పెళ్లి చేసుకో' అని ఏడేళ్ల పిల్లతో అనిపించారు. దయచేసి తీసేయండి. ఆ వయసుకు చనిపోయినవాళ్లు తిరిగిరారని అర్థమవుతుంది. కానీ బాధ ధారగా ఉండదు, తెరలు తెరలుగా వస్తుంది. పదో రోజు భోజనాల పందిట్లోనే పరుగులాట ఆడుతుంది, మూడు నెలల తర్వాత చెప్పు తెగితే గంటసేపు ఏడుస్తుంది. పెద్దవాళ్లు నొచ్చుకునే ప్రశ్నలు మామూలుగా అడిగేస్తుంది. 'అమ్మ చీరలు ఆమె కట్టుకుంటదా?' అంటుంది. పిలుపును కూడా గమనించండి. మేడం, ఆంటీ, ఆ తర్వాత ఏమిటి? మీరు క్లైమాక్స్‌లో 'అమ్మా' అనిపించి చప్పట్లు ఆశించారు. ఆ పిలుపు చనిపోయినామెదే. చిన్నమ్మ దగ్గర ఆపండి. ఆ మాట ఎలా వచ్చిందని ఎవరూ అడగకుండా, అన్నం తింటూ మామూలుగా అనాలి.

ఇప్పుడు హీరోయిన్. ఆమెకు 34 ఏళ్లు చేయండి. భర్త పోయిన మనిషిని చేయండి. అతను ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ గుమాస్తా, పిల్లల్లేరు. కుటుంబ పింఛను ఈమెకు వస్తుంది, అందులో సగం కాకినాడలో ఉన్న అత్తమామలకు పంపుతుంది. పెళ్లి చేసుకుంటే ఆ పింఛను సాధారణంగా ఆగిపోతుంది. కేంద్ర ప్రభుత్వ నిబంధనల్లో మాత్రం పిల్లల్లేని భార్యకు సొంత ఆదాయం ఒక పరిమితి లోపు ఉంటే పెళ్లి తర్వాత కూడా కొనసాగే వీలుంది. అందుకే భర్త ఏ ప్రభుత్వంలో, ఏ శాఖలో పనిచేశాడో రాసే ముందే తేల్చుకుని, ట్రెజరీ ఆఫీసులో ఒకసారి అడిగి నిర్ధారించుకోండి. ఈ ఒక్క మార్పుతో మీ విలన్ బాబాయి అవసరం తీరిపోతుంది. అడ్డు ఇప్పుడు ఇద్దరు ముసలివాళ్ల మందుల ఖర్చు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, ఆమె పిసినారి కాదు. తాను మళ్ళీ పెళ్లి చేసుకోలేదని పింఛను కోసం రాసిచ్చే కాగితం ముందు ఆమె పెన్ను పట్టుకుని కూర్చుంటుంది. సంతకం పెడుతుంది. ఆ రోజు హీరో ఫోన్ ఎత్తదు. ఈ కథలో హీరోయిన్‌కు ఇంతకంటే మంచి సీన్ మేం ఊహించలేం.

ఆస్తి విషయంలో ఒక పొరపాటు చేయొద్దు. 'మళ్ళీ పెళ్లి చేసుకుంటే మా అన్న వాటా పోతుంది' అని ఆమె మరిదితో అనిపించి, ఆమె భయపడినట్టు రాయాలనిపిస్తుంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త చనిపోయిన రోజే భార్యకు వచ్చిన వాటా పూర్తిగా ఆమెదే, తర్వాత పెళ్లి చేసుకున్నా పోదు. ఆ డైలాగ్ పెట్టాలనుకుంటే అది ఉత్త బెదిరింపని ఆమెకు తెలిసి ఉండాలి.

'భర్త పోయినామెకు పెళ్లంటే జనం ఒప్పుకోరు' అని మీకు ఎవరైనా అంటే తొణకొద్దు. కందుకూరి వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. తెలుగు సినిమా 1939లోనే 'మళ్ళీ పెళ్ళి' తీసింది. 1986లో 'స్వాతిముత్యం' చూసి ఊళ్లకు ఊళ్లు కదిలాయి. జనం ఒప్పుకోనిది తొందరను, అబద్ధాన్ని.

ఇంటర్వెల్‌కు వద్దాం. తొమ్మిదో నెల దాకా హీరో, ఆమె కలిసింది నాలుగుసార్లు, అన్నీ పని మీదే. పాపకు జ్వరమొస్తే రక్త పరీక్ష, రిపోర్టు కోసం రెండోసారి, అలా. ఒకరోజు ల్యాబ్ ముందు టీ తాగుతూ ఇద్దరూ కాసేపు మాట్లాడుకుంటారు. అతను చాలా నెలల తర్వాత నవ్వుతాడు. ఇంటికొచ్చి పిల్లను పడుకోబెట్టి, రాత్రి పదకొండున్నరకు మరుసటి రోజు కోసం క్యాలెండర్ చూస్తే, ఈ రోజు తమ పెళ్లిరోజు. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఇంటర్వెల్ అక్కడ వేయండి. ఇన్నాళ్లూ గుర్తొస్తుందని ఏడ్చిన మనిషి ఇప్పుడు మర్చిపోతున్నానని భయపడతాడు. ప్రేక్షకుడు సమోసా తింటూ కూడా అదే ఆలోచిస్తాడు.

సెకండాఫ్‌కు నడుము కావాలి. అది మీ ఊళ్లోనే ఉంది, మీరు తప్పు చేతికిచ్చారు. మీ 52వ సీన్‌లో కాకినాడ అమ్మాయి బతుకమ్మను అందంగా పేర్చి వాడంతా మెచ్చుకునేలా చేస్తుంది. ఆమెకు అది ఎలా వస్తుంది? వరంగల్ ప్రేక్షకుడు అక్కడే కథ నుంచి లేచిపోతాడు.

భార్య సంక్రాంతి దాటాక చనిపోయిందనుకోండి. మొదటి బతుకమ్మ నాటికి ఏడాది నిండదు. చాలా ఇళ్లలో ఆ ఏడు పండుగ ఉండదు. పాప గేటు పట్టుకుని వీధిలో ఆటను చూస్తుంది. ఒకే షాట్, ముప్పై సెకన్లు. సంవత్సరీకం అయ్యాక రెండో ఏడు వస్తుంది. పెత్రమాస అంటే మహాలయ అమావాస్య అని మీకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇస్తారు. అదే సాయంత్రం బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున దుఃఖం, సాయంత్రం ఆట, ఒకే ఇంటి వాకిట్లో, ఒకే రోజు. మీ సినిమా అంతా ఆ రోజులో ఉంది. 85వ నిమిషం నుంచి పది నిమిషాలు దానికే ఇవ్వండి.

పొద్దున బియ్యం, పప్పు, చింతపండు, ఆమెకిష్టమైన కూరగాయ పళ్లెంలో పెట్టి అయ్యగారికి ఇస్తూ మొదటిసారి ఆమె పేరు బయటికి చెప్తాడు. 'పోయినవాళ్ల పేరు?' అని అయ్యగారు అడుగుతారు, తప్పదు. మధ్యాహ్నం పాప ఈసారి ఆడతానంటుంది. పేర్చడం అతనికి రాదు. తాంబాళంలో గుమ్మడాకులు పరుస్తాడు. గునుగు కాడలు సమానంగా కోయడు, ఒకటి పొడుగు ఒకటి పొట్టి. తంగేడు వరుస బాగానే వస్తుంది. కానీ మధ్యలో గుంటను ఆకులు, తెగిన కాడలు కూరి గట్టిగా నింపాలని తెలియదు. నాలుగు వరుసలు లేవగానే ఒక పక్కకు ఒరిగిపోతుంది. పువ్వులు ఇచ్చిపోదామని వచ్చిన హీరోయిన్‌కు కూడా తెలియదు. 'మావైపు ఇది లేదండీ' అంటుంది. అప్పుడు భార్య తల్లి లేచి వస్తుంది. మూల కూర్చుని ఉన్న మనిషి, ఇన్నాళ్లూ ఈ హీరోయిన్ వంక చూడని మనిషి. బతుకమ్మను విప్పేసి, 'నడుమ నింపాలె బిడ్డా, లేకుంటె నిలవడది' అంటూ ఆకులు కూరడం మొదలుపెడుతుంది. ఆకులు అందించమని చెయ్యి చాపేది హీరోయిన్ వైపు. అక్కడ మ్యూజిక్ వద్దు. ఆకుల చప్పుడు, బయట పిల్లల అరుపులు చాలు. పైన పసుపు గౌరమ్మను పాప పెడుతుంది.

ఈ సీన్ నిలబడాలంటే అత్తగారిని మొదటి నుంచి నడిపించుకురావాలి. మీ స్క్రిప్ట్‌లో ఆమె దహనం తర్వాత మాయమైంది. ఆమెకు కనీసం ఐదు సీన్లు కావాలి. కూతురు పోయిన తల్లికి రెండో కూతురు దొరకదు. అల్లుడికి రెండో భార్య దొరుకుతుంది. ఈ మాట ఆమె ఒక్కసారైనా అనాలి, కోపంగానే అనాలి.

ఫ్లాష్‌బ్యాక్‌లు పదకొండున్నాయి. మూడు ఉంచండి, మూడూ ఇంటర్వెల్‌కు ముందే. భార్య తెర మీదికి వచ్చిన ప్రతిసారీ ప్రేక్షకుడి లెక్కలో ఆమె బతికొస్తుంది, ఆ వెంటనే హీరోయిన్ కనపడితే దొంగచాటు మనిషిలా ఉంటుంది. సెకండాఫ్‌లో భార్య వస్తువుల్లోనూ మాటల్లోనూ ఉండాలి, ముఖంగా రాకూడదు.

క్లైమాక్స్‌లో గుళ్లో పెళ్లి, వాన, పాట ఉన్నాయి. ఇద్దరూ హిందువులే కాబట్టి గుళ్లో పెళ్లి చేసుకుని రిజిస్టర్ చేయించుకోవచ్చు, తప్పేం లేదు. కానీ ప్రత్యేక వివాహ చట్టం కింద పెట్టుకుంటే కథకు గడియారం దొరుకుతుంది. నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి, ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేలా పెడతారు. ఊరు చదువుతుంది. కాకినాడకు కబురు పోతుంది. పింఛను సంగతి తేలాల్సింది ఆ ముప్పై రోజుల్లోనే. దరఖాస్తుకు ఇద్దరూ తమ మొదటి భర్త, మొదటి భార్య మరణ ధ్రువపత్రాలు జత చేయాలి. రెండు ఫైళ్లలోంచి రెండు కాగితాలు తీసి ఒకే టేబుల్ మీద పక్కపక్కన పెడతారు. ఇద్దరూ ఎదుటివాళ్ల కాగితంలో ఉన్న పేరు చదువుతారు. ఫారంలో అతనికి 'విధురుడు', అంటే భార్య పోయినవాడు, అని రాయాలి. ఆ మాట జీవితంలో ఎవరూ అతన్ని అని ఉండరు, స్పెల్లింగ్ అడిగి రాస్తాడు.

పెళ్లి రోజు ముగ్గురు సాక్షులు సంతకం చేయాలి. ఇద్దరు స్కూల్ నుంచి వస్తారు. మూడో సంతకం ఎవరిదన్నదే మీ క్లైమాక్స్. అత్తగారితో పెట్టిస్తారో, కాకినాడ మామగారితో పెట్టిస్తారో మీ ఇష్టం. మాకైతే మామగారిది బలంగా అనిపిస్తోంది, ఎందుకంటే ఆ సంతకంతో తన ఇంటికొచ్చే డబ్బును ఆయనే ఆపుకుంటున్నాడు. అత్తగారి పని పెత్రమాస నాడే అయిపోయింది.

పని ఇలా మొదలుపెట్టండి. పాత 148 పేజీలను దిద్దొద్దు, పక్కన పెట్టేయండి. 70 చీటీలు తీసుకుని ఒక్కోదాని మీద సీన్ ఒక లైనులో, భార్య పోయి ఎన్నో నెలో మూలన అంకెతో రాయండి. నెలలు వరుసగా కదలకుండా ఐదు చీటీలు ఒకే అంకెతో ఉంటే అక్కడే ల్యాగ్. ఆ తర్వాత పెత్రమాస రోజు పది పేజీలు ముందు రాయండి. భార్యను, భర్తను పోగొట్టుకున్నవాళ్లు మీ చుట్టూ ఉంటే కథ చెప్పి అభిప్రాయం అడగొద్దు. మొదటి నెలలో ఇంట్లో వంట ఎవరు చేశారని మాత్రం అడగండి, మిగతాది వాళ్లే చెప్తారు.

చివరి సీన్‌లో గోడ మీద భార్య ఫోటో గాలికి కదిలి నవ్వినట్టు రాశారు. గాలి వద్దు. కొత్త మనిషి ఇంటికొచ్చాక ఆ ఫోటో హాల్లో ఉండాలా, గదిలో ఉండాలా అన్నది ప్రతి ఇంట్లో వచ్చే తగువే, దాన్నే వాడండి. హీరో తీయడు. ఆమె తీయమనదు. పాప కుర్చీ వేసుకుని ఎక్కి, ఫోటో దించి, తన పుస్తకాల బల్ల మీద పెట్టుకుంటుంది. హాల్లో మేకు, దాని చుట్టూ సున్నం మాయని తెల్లటి చదరం మిగులుతాయి. ముప్పావు పేజీ చాలు, మాటలు వద్దు.